గెట్స్ చచ్చిపోయి పదేళ్ళు దాటింది, మనవాళ్ళకి ఇంకా కబురందలేదు

మొన్న దసరాకి కొత్తగూడెం వెళ్ళినప్పుడు రుద్రంపూర్‌లో మా చిన్నమ్మ వాళ్ళింట్లో టీ తాగుతూ కూర్చున్నాను. టేబుల్ మీద ఒక ల్యాబ్ రికార్డు కనిపించింది. మా చెల్లి (చిన్నమ్మ కూతురు) ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. చేతికందింది కదా అని ఊరికే తిరగేశాను. ఏడో ప్రోగ్రాం: ఒక పదాన్ని తీసుకుని తిరగేసి చూపించడం. పైన కోనియో డాట్ హెచ్, లోపల వాయిడ్ మెయిన్, క్లియర్ స్క్రీన్, ఆ తర్వాత తాపీగా, ఏ పాపం ఎరగనట్టు, గెట్స్.

"ఇదెవరు రాయమన్నారే?" అన్నాను.

"రికార్డుల అట్లనే ఉండాలన్నరు అన్నా. సీనియర్ల రికార్డు చూసి రాసిన. వేరేగా రాస్తే సంతకం పెట్టరు."

ఆ సీనియర్ల రికార్డు ఎవరి రికార్డు చూసి రాశారో నాకు తెలుసు. నేను రాసింది కూడా అదే. నా ముందువాళ్ళు రాసిందీ అదే. మా ఇళ్ళల్లో పెళ్ళిచీరలు కూడా ఇంత భద్రంగా ఒక తరం నుంచి ఇంకో తరానికి అందలేదు.

ఈ టపా కోపంతో రాస్తున్నాను, ముందే చెప్తున్నాను. ఒక ప్రోగ్రామింగ్ భాషలోంచి పాత సరుకుని ఎప్పుడు తీసెయ్యాలి అనే చర్చ మన ఆఫీసుల్లో టీ టైములో బోలెడుసార్లు విన్నాను. ఒక వర్గం "పాతదేదీ ముట్టుకోకూడదు, నడిచేదాన్ని నడవనివ్వాలి" అంటుంది. ఇంకో వర్గం "చెత్తంతా ఊడ్చి పారెయ్యాలి, రాలేనివాళ్ళు వెనకబడిపోతారు, అది వాళ్ళ ఖర్మ" అంటుంది. రెండు వర్గాలకీ ఏసీ గదుల్లో జీతాలు ఆగకుండా వస్తాయి. దెబ్బ తగిలేది ఎవరికో ఆ రెండు వర్గాలకీ తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే అది మా ఇంట్లోనే తగిలింది.

ముందు గెట్స్ కథ. సి నేర్చుకున్న ప్రతివాడికీ తెలిసిన ఫంక్షనే. కీబోర్డు నుంచి ఒక లైను చదివి మీరిచ్చిన అర్రేలో పెడుతుంది. ఆ అర్రే ఎంత పెద్దదో దానికి చెప్పే దారి లేదు. 20 అక్షరాలకి చోటిచ్చారనుకోండి, వచ్చినవాడు 200 అక్షరాలు కొడితే మిగతా 180 పక్కవాడి ఇంట్లోకి పోతాయి. జాగ్రత్తగా వాడితే సరిపోతుంది అనడానికి లేదు, అసలు జాగ్రత్తగా వాడే వీలే లేదు. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ ఇంటర్నెట్‌ని అతలాకుతలం చేసినప్పుడు అది దూరిన కంతల్లో ఒకటి ఇదే: ఫింగర్ అనే సర్వీసు గెట్స్‌తో ఇన్‌పుట్ చదివేది. దానికి పొడవాటి లైను పంపిస్తే చాలు, మెషిన్ చేతికొచ్చేది. సరిగ్గా ఆ మరుసటేడే, 1989లో, సి కి అమెరికా ప్రమాణం వచ్చింది. గెట్స్‌ని తీశారా? తియ్యలేదు. అప్పటికే ఉన్న కోడ్ చెడిపోతుందని ఉంచేశారు. 1999 ప్రమాణంలోనూ ఉంచారు. 2007 సవరణలో "ఇది పాతబడింది" అన్నారు. 2011 చివర్లో వచ్చిన సి-11లో తీసేశారు. కన్నం బయటపడ్డ రోజు నుంచి తలుపు మూసిన రోజుకి 23 ఏళ్ళు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి (ఆ చెల్లికి సొంత అన్న). 2019లో ఫైనల్ ఇయర్. ఒక కంపెనీ డ్రైవ్ కోసం ఆన్‌లైన్ పరీక్ష. రెండు ప్రోగ్రాములు, 45 నిమిషాలు. వాడికి కాలేజీలో నేర్పింది టర్బో సి++, నీలం తెర, డాస్‌బాక్స్‌లో. (64 బిట్ల విండోస్ మీద 16 బిట్ల ప్రోగ్రాములు నడవవు కాబట్టి, నేర్పడం మానకుండా ఒక నకిలీ డాస్ పెట్టి అందులో నేర్పుతారు. చచ్చిన గేదెని కూర్చోబెట్టి పాలు పిండటానికి ఎంత శ్రద్ధో చూడండి.) వాడు ఆ పరీక్షలో భాష దగ్గర సి++ ఎంచుకున్నాడు, అలవాటుగా రాశాడు. అయోస్ట్రీమ్ డాట్ హెచ్ లేదంది. కోనియో డాట్ హెచ్ లేదంది. అవి తీసేస్తే సీఅవుట్ ఎవరో తెలియదంది. అదేదో సరిచేసుకున్నాక గెట్స్ ఈ స్కోపులో ప్రకటించలేదంది. సి++ వాళ్ళు 2014 ప్రమాణంలోనే దాన్ని పీకేశారు మరి. వాడికి ఆ వాక్యం అర్థమే కాలేదు. నాలుగేళ్ళు వాడిన ఫంక్షన్ "లేదు" అంటే ఎవరికి అర్థమవుతుంది? తన కళ్ళే మోసం చేస్తున్నాయేమో అనుకున్నాడు. స్పెల్లింగ్ మూడుసార్లు మార్చి చూశాడట.

లాజిక్ రెండిట్లోనూ సరిగ్గానే ఉంది. ఇంటికొచ్చాక కాగితం మీద రాసి చూపించాడు, నేను చదివాను. మొదటిది కంపైల్ అయ్యేసరికి 20 నిమిషాలు పైనే పోయాయి, రెండోది పూర్తి కాలేదు. సెలెక్ట్ కాలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు హైదరాబాదులో రూములో ఉండి వేరే ఉద్యోగం తెచ్చుకున్నాడు, అది వేరే సంగతి. ఆ ఎనిమిది నెలలు మా చిన్నమ్మ ఎవరింటికీ పేరంటానికి వెళ్ళలేదు. కాలనీలో అందరూ అడిగేది ఒకటే ప్రశ్న కదా.

ఇది చెప్పగానే మా ఆఫీసులో ఒక పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "అందుకే కదండీ నేననేది, తీసెయ్యకూడదు. గెట్స్ ఉండనిస్తే ఆ కుర్రాడు పాసయ్యేవాడు."

కాదు. గెట్స్‌ని తియ్యడం తప్పు కాదు. 23 ఏళ్ళు ఆలస్యంగా తియ్యడం తప్పు. తీసిన ఎనిమిదేళ్ళకి కూడా నేర్పుతూ కూర్చోవడం అంతకంటే పెద్ద తప్పు.

మా నాన్న సింగరేణిలో టింబర్‌మెన్‌గా చేసి రిటైరయ్యాడు. అండర్‌గ్రౌండ్ బాయి గురించి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. బోర్డ్ అండ్ పిల్లర్ అనే పద్ధతిలో ముందు బొగ్గులో వీధులు తొలిచినట్టు గ్యాలరీలు తొలుస్తారు, మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. పైకప్పుని మోసేవి అవే. ఆ విభాగం అయిపోయాక రెండో విడత: ఆ స్తంభాల్ని కూడా తవ్వి తీసుకోవడం. దీన్నే డీపిల్లరింగ్ అంటారు. లోపలి చివర నుంచి మొదలుపెట్టి బయటి వైపుకి వెనక్కి నడుస్తూ తీస్తారు. తీసిన చోట పెట్టిన కర్రల్ని కూడా పీకేస్తారు, అప్పుడు వెనక బండ కూలుతుంది. కూలాలి కూడా, కూలకుండా వేలాడుతుంటేనే ఎక్కువ ప్రమాదం, ఆ బరువంతా పక్క స్తంభాల మీద పడుతుంది. కర్ర పీకడానికి సిల్వెస్టర్ అని ఒక గొలుసు పరికరం ఉంటుంది, సపోర్టు ఉన్న చోట దూరంగా నిలబడి లాగొచ్చు. ఇక పైన ఊరో, రైలు పట్టాలో, వాగో ఉంటే బండని కూలనివ్వరు, తీసిన బొగ్గు స్థానంలో నీళ్ళతో ఇసుక పంపి నింపుతారు.

నాన్న మాటల్లో చెప్పాలంటే, "కర్ర పీకుడు బలం పని కాదురా. నువ్వు ఎటుదిక్కు నిలబడ్డవు, నీ ఎన్క ఎవడన్నా ఉన్నడా, అది చూసుకునుడే పని."

భాషల్లోంచి ఫీచర్లు తీసే పెద్దలందరికీ ఈ ఒక్క వాక్యం నేర్పించాలనిపిస్తుంది నాకు. తియ్యొద్దు అనలేదు ఆయన. తియ్యకపోతే బొగ్గు రాదు, బండ వేలాడుతూనే ఉంటుంది. తీసేముందు లోపల ఎవరూ లేరని చూసుకోమన్నాడు.

పైతాన్‌వాళ్ళ సంగతి తీసుకోండి. 2008 డిసెంబరులో 3.0 వచ్చింది. పాత కోడ్ కొత్తదాంట్లో నడవదని ముందే చెప్పారు. అందులో రెండు రకాల మార్పులున్నాయి, రెండింటినీ ఒకే గాటన కట్టి తిట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మొదటిది అక్షరాల సంగతి. పైతాన్ 2లో మామూలుగా 'తెలుగు' అని రాసి దాని పొడవెంత అనడిగితే (యూటీఎఫ్-8లో సేవ్ చేసి ఉంటే) 18 అనేది. ఎందుకంటే అది అక్షరాల్ని కాదు, బైట్లని లెక్కపెట్టేది. పైతాన్ 3లో 6 అంటుంది. మనకి కనిపించేవి మూడే, అది వేరే గొడవ, కానీ కనీసం యూనికోడ్ లెక్క ప్రకారం ఆరు సరైనదే. తెలుగులో స్క్రిప్టు రాసి యూనికోడ్ డీకోడ్ ఎర్రర్‌తో తల బాదుకున్న ప్రతివాడికీ ఆ మార్పు విలువ తెలుసు. ఇంగ్లీషు మాత్రమే రాసేవాడికి పాతదే హాయిగా ఉండేది, వాడికేమీ విరగలేదు కాబట్టి "ఎందుకు మార్చారు" అని ఏడిచాడు. విరిగింది మనకి. అక్కడ పీకాల్సిన కర్రనే పీకారు, మన కోసమే పీకారు.

రెండోది ప్రింట్. బ్రాకెట్లు లేకుండా రాసేదాన్ని బ్రాకెట్లతో రాయాలన్నారు. అందంగా ఉంటుందట. ఆ అందం కోసం ప్రపంచంలో ఉన్న ప్రతి పైతాన్ ఫైలూ విరిగింది. అది చాలదని యూ అక్షరంతో మొదలయ్యే యూనికోడ్ స్ట్రింగుల్ని కూడా 3.0లో తీసేశారు, అంటే ఎవడైతే అప్పటిదాకా బుద్ధిగా యూనికోడ్ వాడుతున్నాడో సరిగ్గా వాడి కోడే విరిగింది! 2012లో 3.3 వచ్చేసరికి తప్పు తెలుసుకుని దాన్ని మళ్ళీ పెట్టారు. పైతాన్ 2కి 2015లో మంగళం పాడతామన్నారు, 2014లో చూస్తే జనం కదల్లేదు, 2020కి జరిపారు. పన్నెండేళ్ళు రెండు భాషలు. ముందు లోపలున్నవాళ్ళని లెక్కపెట్టుకుని ఉంటే ఇంత జరిగేది కాదు. కొసమెరుపు ఏంటంటే పాత కోడ్‌ని కొత్తదానికి మార్చిపెట్టే 2టు3 అనే పనిముట్టుని కూడా 2024లో 3.13 నుంచి తీసేశారు. ఇప్పుడెవడన్నా లోపల చిక్కుకుని ఉంటే వాడే దారి వెతుక్కోవాలి.

జావా ఇంకో రకం. థ్రెడ్ స్టాప్ ప్రమాదకరమని 1998లో 1.2 వెర్షన్లోనే ముద్ర వేశారు. అది నిజంగా పని చెయ్యడం మానేసింది 2023లో, జేడీకే 20లో. పాతికేళ్ళు! పాతికేళ్ళు పసుపు గీత చూసీ చూసీ మనకి కళ్ళు పచ్చబడిపోయాయి. తేదీ లేని హెచ్చరిక హెచ్చరికే కాదు. బాయిలో "పైకప్పు జాగ్రత్త" అని బోర్డు రాసి పాతికేళ్ళు వేలాడదీస్తే దాన్ని ఎవడు చదువుతాడు? అదే జావా, ఎక్స్ఎంఎల్ బైండింగ్ వగైరా మాడ్యూళ్ళని మాత్రం 2017లో జావా 9లో "తీసేస్తాం" అని, 2018 సెప్టెంబరులో జావా 11లో తీసేసింది. ఏడాది. జనం ఇంకా 8 మీదే ఉన్నారు, ఆ "తీసేస్తాం" అనే కబురు చూసినవాడే తక్కువ. నేనప్పుడు ఒక ఇన్సూరెన్స్ క్లయింటు ప్రాజెక్టులో ఉన్నాను. 2020లో 8 నుంచి 11కి మార్చాం. కంపైలయింది, టెస్టులు పాసయ్యాయి, డెమోలో చప్పట్లు కొట్టారు. నెలాఖరు రాత్రి రెండింటికి ఒక పాత లైబ్రరీ, నెలకొకసారి మాత్రమే నిద్ర లేచేది, లేచి "నా క్లాసు ఏది?" అంది. క్లాస్ డెఫ్ దొరకలేదు. ఆ రాత్రి నేను తిన్న తిట్లు ఇక్కడ రాస్తే బాగోదు. తప్పు మాది కూడా, ఒప్పుకుంటాను, ఆ దారిన టెస్టు రాయలేదు. కానీ పాతికేళ్ళు ఒకదానికి, ఏడాది ఇంకోదానికి, ఇదేం కొలత?

నా లెక్కలో తీసెయ్యడం అనేది ఒక పని కాదు, మూడు పనులు. నేర్పడం మానడం, కొత్తగా రాయనివ్వకపోవడం, పాతదాన్ని నడవనివ్వకపోవడం. గొడవంతా ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే.

మన బళ్ళ నంబర్లు చూడండి. మా నాన్న పాత బండి ఏపీ 20, ఉమ్మడి ఖమ్మం జిల్లా నంబరు. 2014లో తెలంగాణ వచ్చాక టీఎస్ అయింది, 2016లో మాకు వేరే జిల్లా వచ్చాక టీఎస్ 28. 2024 మార్చి నుంచి టీజీ. ఇవాళ షోరూముకెళ్ళి నాకు ఏపీ 20 కావాలంటే నవ్వి పంపిస్తారు. కానీ నాన్న బండి ఏపీ 20 తోనే బజారుకెళ్ళి కూరగాయలు తెస్తుంది, ఎవరూ ఆపరు. కొత్తది కట్టనివ్వరు, పాతది నడుస్తుంది. రవాణా శాఖని మెచ్చుకునే అవకాశం మళ్ళీ రాదేమో, రాసేస్తున్నాను :)

మన అక్షరాలూ అంతే. ఌ నీ దాని దీర్ఘాన్నీ బడిలో నేర్పడం ఎప్పుడో తగ్గించేశారు, ఎవరికీ నష్టం జరగలేదు. యూనికోడ్‌లో మాత్రం దాని గది దానికుంది, ఎప్పటికీ ఉంటుంది. ఒకసారి ఇచ్చిన గదిని తీసెయ్యం అనేది యూనికోడ్‌వాళ్ళ నియమం. ఎందుకంటే పాత పుస్తకం చదవాలంటే ఆ అక్షరం ఉండాలి. నేర్పడం మానడం ఒకటి, చెరిపెయ్యడం ఒకటి. అన్నట్టు మా ఊరికి రైలు టికెట్టు తియ్యాలంటే కొత్తగూడెం అని కొడితే లాభం లేదు, భద్రాచలం రోడ్ అని కొట్టాలి. భద్రాచలం అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలో, గోదావరి అవతల ఉంది. తెలియక దిగి రామాలయం ఎక్కడండీ అని అడిగేవాళ్ళని చిన్నప్పుడు చాలామందిని చూశాను. కొన్ని పేర్లు ఒకసారి పెట్టాక మార్చలేం, ఎన్నో టైంటేబుళ్ళు వాటిమీద ఆధారపడి ఉంటాయి. పేర్లు పెట్టేటప్పుడే ఆలోచించుకోవాలి, ఏపీఐలు రాసేవాళ్ళు గుర్తుంచుకోండి.

సి వాళ్ళు గెట్స్ విషయంలో చివరికి చేసింది, ఎంత ఆలస్యమైనా, ఈ లెక్కన సరైనదే. ప్రమాణంలోంచి తీసేశారు. లినక్సులో గ్లిబ్‌సి హెడర్లో కొత్త ప్రమాణంతో కంపైల్ చేస్తే దాని ప్రకటన కనిపించదు. కానీ లైబ్రరీ లోపల ఆ ఫంక్షన్ ఇప్పటికీ ఉంది, ఎప్పుడో కంపైల్ చేసిన పాత బైనరీ నడవాలి కదా అని. ఏపీ 20 బండి లాగే.

ఇంకా నచ్చింది జీసీసీ 14. ముందు ప్రకటించకుండా ఫంక్షన్ని పిలవడం 1999 ప్రమాణంలోనే తీసేశారు. జీసీసీ మాత్రం దాన్ని వార్నింగుతో పోనిచ్చింది, 2024 మేలో 14 వచ్చేదాకా. మళ్ళీ పాతికేళ్ళే, నిజమే. కానీ ఈ పాతికేళ్ళ చివర ఒక పని జరిగింది, అది చూడాలి. ఇందులో అసలు ప్రమాదం ఎర్రర్ కాదు. పాత ప్యాకేజీల కాన్ఫిగర్ స్క్రిప్టులు చిన్న చిన్న ప్రోగ్రాములు కంపైల్ చేసి "ఈ సిస్టంలో ఫలానాది ఉందా" అని చూస్తాయి. ఆ చిన్న ప్రోగ్రాముల్లోనే ఇలాంటి తప్పులుంటే, అవి ఎర్రరై, "లేదు" అనుకుని, ఒక ఫీచరు లేకుండా ప్యాకేజీ చప్పుడు చెయ్యకుండా తయారైపోతుంది. ఎవరికీ తెలియదు. అందుకే ఫెడోరావాళ్ళు ముందుగానే ప్యాకేజీలన్నీ ఒక్కొక్కటిగా తనిఖీ చేసి, విరిగేవాటిని సరిచేసి, అసలు రచయితలకి ప్యాచ్‌లు పంపారు. ఆ తర్వాతే ఎర్రర్ చేశారు. నాన్నకి ఇది చెప్తే తల ఊపాడు. ముందు లోపలోళ్ళని బయటికి తోలి, అప్పుడు గొలుసు లాగారు.

రస్ట్‌వాళ్ళ ఎడిషన్లు కూడా ఈ కోవలోవే. 2015, 2018, 2021, 2024 అని నాలుగున్నాయి. ప్రతి క్రేటూ తనది ఏ ఎడిషనో రాసుకుంటుంది, పాతదీ కొత్తదీ ఒకే ప్రోగ్రాంలో కలిసి నడుస్తాయి. మన దగ్గర రస్ట్ ప్రాజెక్టులు ఎన్ని వస్తాయో నాకు తెలియదు గానీ ఆ పద్ధతి మాత్రం మెచ్చుకోవాలి.

ఇప్పుడు మనలోకి మనం తొంగి చూసుకుందాం. మీకు కోపం వచ్చినా సరే.

తెలుగువాళ్ళ ఐటీ నిలబడిందే ఎవరో సమయానికి తీసెయ్యని పాత సరుకు మీద. 1990ల చివర అమీర్‌పేటలో కోబోల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సులకి జనం ఎందుకు ఎగబడ్డారు? సంవత్సరానికి రెండంకెలే చాలనుకున్న పాత ప్రోగ్రాములు 2000లో కూలతాయని. వైటూకే మన ఇళ్ళకి స్లాబులు వేసింది, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసింది. నేను కాదనను. కానీ దానివల్ల మనకో అలవాటు పట్టుకుంది. పాతది ఉంటే మెయింటెనెన్స్ బిల్లింగ్, తీసేస్తే మైగ్రేషన్ బిల్లింగ్. ఎటు పడినా మనకి గంటలు లెక్క. కాబట్టి భాష ఎటు పోతోందో, ఏం తియ్యాలో, ఎప్పుడు తియ్యాలో అన్న చర్చలో మనం నోరు విప్పం. ఇంతమందిమి ఈ భాషల మీద బతుకుతున్నాం, పైతాన్ ప్రతిపాదనల మీదో జావా ప్రతిపాదనల మీదో "మా క్లయింటు దగ్గర ఇది విరుగుతుంది, రెండేళ్ళు గడువివ్వండి" అని ఒక్క ఉత్తరం ముక్క రాసినవాళ్ళు మీ టీములో ఎంతమంది? నా టీములో సున్నా. నాతో కలిపి. అవి బహిరంగ చర్చలే, రాయడానికి వీసా అక్కర్లేదు. కూలాక అర్ధరాత్రి కూర్చుని సరిచెయ్యడానికి మాత్రం ముందుంటాం.

ఇక కాలేజీల వాదన. నేను ఊళ్ళో ఉండగా తెలిసిన ఒక లెక్చరర్ గారితో మాట్లాడాను (ఏ కాలేజీ అన్నది వద్దులెండి, ఆ ఒక్కటే అయితే పేరు రాసేవాణ్ణి). ఆయన మంచివాడు, పిల్లలంటే ప్రేమున్నవాడు. "కంపైలర్ ఏదైతేనేమండీ, బేసిక్స్ ముఖ్యం" అన్నారు.

బేసిక్సే మాట్లాడుకుందాం సార్. టర్బో సి లో ఇంట్ సైజు రెండు బైట్లు, ఎందుకంటే అది 16 బిట్లది. పిల్లలు పరీక్షలో ఇంట్ అంటే రెండు బైట్లు, గరిష్ఠ విలువ 32767 అని రాసి మార్కులు తెచ్చుకుంటారు. అది సి బేసిక్ కాదు, ఒక పాత మెషిన్ బేసిక్. ఐ ప్లస్ ప్లస్ కి ముందోటి వెనకోటి తగిలించి జవాబెంత అని అడిగే ప్రశ్నలకి టర్బో సి ఇచ్చే అంకెని సరైన జవాబుగా బట్టీ పట్టిస్తారు. ఆ భాష ప్రకారం దానికి జవాబే లేదు, ఏం జరిగినా జరగొచ్చు. గెట్స్ నేర్పడమంటే, బయటి నుంచి వచ్చేదాన్ని ఎంత పొడవుందో చూడకుండా లోపలికి తీసుకోవచ్చు అని నేర్పడం. సెక్యూరిటీలో మొట్టమొదటి బేసిక్ ఏదైతే ఉందో దాన్ని తలకిందులుగా నేర్పడం. మరి ఏ బేసిక్స్ సార్ మీరనేది?

ఆయన కాసేపు ఆగి, "సిస్టంలు పాతవి, ల్యాబ్ అసిస్టెంటుకి అదే వచ్చు, రికార్డులు దిద్దాలంటే అన్నీ ఒకేలా ఉండాలి, 60 మంది" అన్నారు. అదీ నిజం. 60 రికార్డులు, ఒక మనిషి. ఆ నిజం ముందే చెప్తే మాట్లాడుకోవచ్చు, బేసిక్స్ అనే ముసుగెందుకు? జీసీసీకి డబ్బులక్కర్లేదు, పాత సిస్టం మీద కూడా నడుస్తుంది. మారాల్సింది 25 ప్రోగ్రాముల మాన్యువల్. ఒక మనిషికి వారం రోజుల పని.

ఇక్కడే నా కోపమంతా. మూడు పనులన్నాను కదా: నేర్పడం మానాల్సింది అన్నిటికంటే ముందు, 1988లోనే. కొత్తగా రాయనివ్వకపోవడం ఆ తర్వాత. పాతది నడవకుండా ఆపడం చిట్టచివర, అవసరమైతే ఎప్పటికీ వద్దు. మనం సరిగ్గా వెనక నుంచి ముందుకి చేస్తున్నాం. సి++ లో 2014 నుంచే లేదు, సి లో 2024 తర్వాతి జీసీసీ ఎర్రరిస్తుంది, ప్రపంచమంతా దాని మీద మట్టి పోసేసింది, మా చెల్లి రికార్డులో మాత్రం అది బంగారంలా ఉంది. పైన కర్రలు పీకేసి చాలాకాలమైంది, లోపలికి పిల్లల్ని ఇంకా పంపిస్తూనే ఉన్నాం.

మా ఊరు పాతదాన్ని తీసెయ్యడం చూడని ఊరు కాదు. పాల్వంచలో కేటీపీఎస్ పాత యూనిట్లు ఎనిమిది, 1966 నుంచి 1978 దాకా ఒక్కొక్కటిగా వచ్చినవి, మొత్తం 720 మెగావాట్లు. 2018 చివర్లో 800 మెగావాట్ల ఏడో దశ నడవడం మొదలయ్యాకే వాటిని ఆపడం మొదలుపెట్టారు, 2020 మార్చికల్లా అన్నీ ఆగిపోయాయి. 2024 ఆగస్టులో ఎనిమిది కూలింగ్ టవర్లని పేల్చి పడగొట్టారు. ఆ వీడియో మా ఇంటి గ్రూపులో వందసార్లు తిరిగింది. నాన్న దాన్ని మళ్ళీ మళ్ళీ చూశాడు, చిన్నప్పటి నుంచి బస్సులోంచి ఆ టవర్లు కనిపిస్తేనే ఊరొచ్చినట్టు మాకు. బాధగానే అనిపించింది. కానీ ఆ రోజు ఎవరింట్లోనూ కరెంటు పోలేదు.

బాయిల్లో కూడా అంతే, తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తే రోజులు పోయి ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చాయి. నడుములు విరిగే పని అది, పోవాల్సిందే. అయితే 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టూ ఉంది. మా కాలనీలో సగం క్వార్టర్లకి తాళాలు. మా చిన్నమ్మ వాళ్ళు ఇద్దరు పిల్లల్నీ ఇంజనీరింగులో వేసింది అందుకే, వాళ్ళ నాన్న పని వాళ్ళకి ఉండదని తెలిసి. ఒక పాత పని పోయిందని కొత్తదాంట్లోకి పంపిస్తే, ఆ కొత్తదాంట్లో పాతబడిందాన్ని చేతికిచ్చి కూర్చోబెట్టాం.

దసరా సెలవుల్లో మిగిలిన నాలుగు రోజులూ నేనూ తమ్ముడూ కూర్చుని చెల్లి రికార్డులోని ప్రోగ్రాములన్నీ తిరగరాశాం. గెట్స్ ఉన్న ప్రతిచోటా ఎఫ్‌గెట్స్, సైజుతో సహా. (ఎఫ్‌గెట్స్ చివర న్యూలైన్ కూడా తెచ్చి పెడుతుంది, దాన్ని తీసెయ్యడం మర్చిపోతారు, తమ్ముడు అదీ రాశాడు.) వాయిడ్ మెయిన్ పోయి ఇంట్ మెయిన్ వచ్చింది. కోనియో పోయింది. ఒక పాత సిస్టం మీద జీసీసీ వేసి 25 కి 25 నడిపి చూశాం, వార్నింగులన్నీ ఆన్ చేసి. రెండు చోట్ల మేం కూడా తప్పు చేశాం, అదే చెప్పింది.

ఆ ఫైలు లెక్చరర్ గారికి పంపాను. చూస్తానన్నారు. వచ్చే ఏడాది మాన్యువల్ మార్చేటప్పుడు పెడతానన్నారు. చెల్లి రికార్డు మాత్రం ఈ ఏడాదికి పాతదే ఉంచమన్నారు, ఎక్స్‌టర్నల్ వచ్చి చూస్తారట. అది రెండు రికార్డులు పెట్టుకుంది ఇప్పుడు. ఒకటి సంతకానికి, ఒకటి దానికి.